బండి దిగని ఎలీషా

మా బావ ఎలీషా సైన్యంలో పదాతి దళం మనిషి. పదాతి అంటే కాలినడకన పోయి యుద్ధం చేసేవాడని మా బాపట్ల స్కూల్లో తెలుగు మాస్టారు చెప్పారు. మా బావేమో పాలకోసం వీధి చివరిదాకా వెళ్ళి రమ్మంటేనే మొహం ముడుచుకునేవాడు. "నువ్వేం పదాతివి బావా?" అని నేను వెక్కిరిస్తే, "పదాతుల్లో రకాలుంటాయిరా బామ్మర్దీ! పరీక్షల బ్రాంచీలో కూర్చుని మార్కులు కూడుకునేవాడివి, నీకేం తెలుస్తుంది?" అనేవాడు.

ఆ రకాల గురించి మొదలుపెట్టాడంటే ఆపడం మా అక్క రాహేలు వల్ల కూడా అయ్యేది కాదు. ఒక రకం వాళ్ళను లారీ తెచ్చి, రోడ్డు ఎక్కడ ఆగిపోతే అక్కడ దించి వెళ్ళిపోతుందట. అక్కణ్ణించి తిండీ, గుండ్లూ, దుప్పటీ అన్నీ వాళ్ళ వీపు మీదే. ఇంకో రకానికి ఇనపపెట్టె లాంటి బండి ఉంటుంది. తూటాలు తగలకుండా యుద్ధం అంచుదాకా తెచ్చి దించి, అది వెనక్కి పోయి నిలబడుతుంది. మా బావది మూడో రకం. వాళ్ళ బండికి గొలుసు చక్రాలు, పైన ఫిరంగి ఉంటాయి. ట్యాంకుల పక్కనే పరిగెత్తుతుంది. లోపల కూర్చున్న జవాన్లు గోడకున్న కంతల్లోంచి తుపాకులు పేలుస్తారు. కిందికి దిగినా బండికి దూరంగా పోరు. వాళ్ళ వెనకే ఉండి అది కూడా కొట్లాడుతుంది.

"మిగతావాళ్ళకి బండి అంటే ఎక్కి దిగేది. మాకు అట్లా కాదు. మాలో అదీ ఒక మనిషే" అనేవాడు బావ. 

సైన్యంలో చేరిన కొత్తలో బావ కూడా అందరిలాగే నడిచాడు. తర్వాత ఆయన పటాలానికి ఈ బండ్లు వచ్చాయి. దాని కప్పు ఎత్తు తక్కువ. పొడుగువాళ్ళు లోపల మడతపడి కూర్చోలేక నరకం చూసేవారట. మా బావ పొట్టివాడు కావడంతో డ్రైవరు సీటు దక్కింది. వయసంతా ఆ సీట్లోనే, మోకాళ్ళు మడుచుకుని, ఇంజను మోత పక్కనే గడిపాడు. బయటికొచ్చేసరికి కుడిచెవి సరిగా వినపడేది కాదు, మోకాళ్ళు పూర్తిగా సాగేవి కావు. మామూలు మాట కూడా అరిచినట్టే ఉండేది. మా అక్క కాపరం అంతా ఆ అరుపుల మధ్యే సాగింది, పాపం.

వాటితోపాటు ఒక నమ్మకం కూడా తెచ్చుకున్నాడు. ఒకసారి రాజస్థాన్ ఎడారిలో, యుద్ధం కాదు, ఉత్త శిక్షణలోనే, వీళ్ళ బండి చెడిపోయి ఇసుకలో ఆగిపోయింది. ఇద్దరు కుర్రాళ్ళు సాయం తెస్తామని నడిచి బయల్దేరారు. బావా మిగిలినవాళ్ళూ బండి నీడలో కూర్చున్నారు. వెతకడానికొచ్చిన హెలికాప్టరుకు బండి కనపడింది గానీ ఆ కుర్రాళ్ళు కనపడలేదు. తర్వాత వాళ్ళ శవాలు దొరికాయి. అందులో ఒకడు బావతో ఒకే కంచంలో తిన్నవాడు. "బండి వదిలినవాడు బతకడు సామ్యేలూ" అని నాతో ఎన్నోసార్లు అన్నాడు. విని విని నాకు విసుగు పుట్టేది.

పింఛను తీసుకుని హైదరాబాదు వచ్చాక యూనివర్సిటీలో వ్యాను డ్రైవరుగా కుదిరాడు. క్యాంపస్‌లోనే క్వార్టరు ఇచ్చారు. పెళ్ళయిన చాలా ఏళ్ళకు పుట్టిన జెస్సికా ఒక్కతే కూతురు. అప్పటికి నాలుగో తరగతి. నాన్న అరుపులకు ఆ ఇంట్లో నవ్వేది అదొక్కతే. అదే యూనివర్సిటీ పరీక్షల బ్రాంచీలో పనిచేస్తూ, వాళ్ళింటికి మూడు వీధుల అవతల నేనుండేవాణ్ణి.

అక్కడే తోటపని చేసే రాజలింగు కూడా మాజీ సిపాయే. మాణికేశ్వర్ నగర్ మనిషి. మొదటి రకం వాడు. కొండల్లో నడిచి నడిచి పిక్కలు రాళ్ళలా ఉండేవి. స్టీరింగు సంగతి అటుంచి, సైకిలు తొక్కడం కూడా రాదు. బావకూ అతనికీ రోజూ మాటల పోరే.

"ఏం డబ్బా సిపాయీ, డీజిల్ అయిపోతే చాయ్ తాగనీకి ఎట్ల పోతవ్?" అనేవాడు రాజలింగు.

"నీలాగా చెప్పులరగదీసుకుంటూ తిరగడానికి నాకేం ఖర్మరా?" అనేవాడు బావ.

"ఆ డబ్బాల కూసొని కూసొని నీ కాళ్ళు అటకెక్కినయన్నా. నన్ను జూడు, ఇప్పటికి గుట్టెక్కుత."

ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ప్రాణం. అది ఇద్దరూ ఒప్పుకునేవాళ్ళు కాదు.

తొంభైలో ఆ ఏడంతా విద్యార్థుల ఆందోళనలతో క్యాంపస్ అట్టుడికిపోయింది. బందు మీద బందు. అలాంటి ఒక బందు రోజు పొద్దున, వానలు వెనకపట్టిన కాలంలో, నేను అక్కావాళ్ళింట్లో టిఫిను తింటున్నాను. క్వార్టర్ల వెనక రాళ్ళగుట్ట దగ్గర జెస్సికా షటిల్ ఆడుకుంటోంది. కాక్ రాళ్ళ మధ్య పడితే చెయ్యి పెట్టింది. దాని కేక విని మేం లేచేలోపే, అక్కడే పని చేసుకుంటున్న రాజలింగు దాన్ని ఎత్తుకుని ఇంట్లోకి తెచ్చేశాడు.

"నాగుపామన్నా. పడగ నేను సూసిన" అన్నాడు.

 పిల్ల ముంజేతి మీద రెండు చుక్కలు, చుట్టూ వాపు. రాజలింగు ఒక కర్ర పేడు పెట్టి, చెయ్యి కదలకుండా తువ్వాలుతో కట్టాడు. బావ అప్పటికే బయటికి ఉరికాడు. అంత వేగంగా ఆయన నడవడం నేనెప్పుడూ చూడలేదు. వంగిన మోకాళ్ళతోనే షెడ్డుదాకా పోయి, మేం పిల్లను వాకిట్లోకి తెచ్చేసరికి వ్యాను తెచ్చి నిలబెట్టాడు. ఆ నిమిషంలో మా బావకున్న బండి పిచ్చికి నేను దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను.

తార్నాకలో ఒక చిన్న నర్సింగ్‌హోం ఉంది. పాముకాటు మందు అక్కడ దొరుకుతుందని రాజలింగు చెప్పాడు. క్యాంపస్ దాటితే చాలు, దగ్గరే. కానీ తార్నాక వైపు గేటు దగ్గర రోడ్డుకడ్డంగా పెద్ద చెట్టు కొట్టి పడేశారు. దాని ముందు టైర్లు తగలబడుతున్నాయి. వ్యాను చూడగానే కుర్రాళ్ళు రాళ్ళు పట్టుకుని వచ్చారు. నేను తలుపు తెరిచి పిల్లను చూపించాను. రాళ్ళు అక్కడే పడేశారు.

వాళ్ళలో ఒకతను తల లోపలికి పెట్టి, "అంకుల్, చెట్టు జరగనీకి టైం పడతది. దిగుండ్రి, ఎత్తుకొని పోదాం. మేం గూడ వస్తం" అన్నాడు.

రాజలింగు అప్పటికే చేతులు చాపాడు. "ఇయ్యమ్మా పిల్లను. గీడికెళ్ళి ఎంత దూరం? ఉరికితే అయిపాయె."

"దించొద్దు!" అని ముందు సీట్లోంచి బావ అరిచాడు. "పాముకాటు మనిషిని కదిలించకూడదు."

"నడిపిస్తలేనన్నా, మోస్త."

"మోసుకుపోతావు. ఆ నర్సింగ్‌హోంలో మందు లేదంటే? అప్పుడు పిల్లనెత్తుకుని నడిరోడ్డు మీద నిలబడతావా? చక్రాలుంటే ఎటైనా పోవచ్చు. ఇంకో గేటుంది కదా!"

ఆ మాట మరీ తీసిపారేసేదేం కాదు. మా అక్క నా వైపు చూసింది, ఆయన వైపు చూసింది. జెస్సికా అప్పటికి బాగానే మాట్లాడుతోంది. "నాన్నా, మంటగా ఉంది" అని ఏడుస్తోందంతే. బావ వ్యాను వెనక్కి తిప్పాడు. అక్కడే పప్పులో కాలేశాడు మా బావ. ఆ కుర్రాళ్ళు రోడ్డు మధ్యలో అలాగే నిలబడి మా వైపు చూస్తున్నారు.

విద్యానగర్ వైపు పోయాం. అక్కడ ఒక బస్సు తగలబడుతోంది. పోలీసులు వదిలిన పొగకు కళ్ళు మండిపోయి, ఎదురుగా ఏముందో కూడా తెలియలేదు. ఒక పోలీసు లాఠీతో బానెట్టు మీద కొట్టి వెనక్కి పొమ్మన్నాడు. పిల్లకు పాము కరిచిందని బావ ఎంత అరిచినా ఆ గోలలో ఎవరికీ వినపడలేదు. మళ్ళీ వెనక్కి తిప్పాడు. మాణికేశ్వర్ నగర్ వైపు పోయే మట్టిదారిలోకి దింపాడు.

"అన్నా, ఆడ బురద ఉన్నది. బండి పోదు" అన్నాడు రాజలింగు.

"ఇసకలోనే పోనిచ్చాను. బురదో లెక్కా?"

"అది గొలుసుల బండన్నా! ఇది రబ్బర్ టైర్ల బండి!"

బావ వినలేదు. వినపడలేదేమో కూడా. వెనక సీట్లో మా అక్క ఒళ్ళో ఉన్న జెస్సికా ఏడుపు ఆపేసింది. 

"నిద్రొస్తుందా అమ్మలూ?" అని అడిగాను.

"లేదు మామయ్యా. కళ్ళు తెరుచుకోవడం లేదు" అంది. మాట ముక్కులోంచి, ముద్దముద్దగా వచ్చింది.

అప్పుడే వ్యాను బురదలో దిగబడింది. నేనూ రాజలింగూ దిగి తోశాం. చక్రాలు తిరిగినచోటే తిరిగి మా మొహాల నిండా బురద చిమ్మాయి. బావ ముందుకీ వెనక్కీ ఊపుతూ "ఇంకొంచెం, ఇంకొంచెం" అని అరుస్తున్నాడు. రాజలింగు తోయడం ఆపేశాడు. వెనక తలుపు తెరిచి, ఎవరినీ అడగకుండా పిల్లను తీసుకుని భుజాన వేసుకున్నాడు.

"రాజలింగూ! దించొద్దన్నానా!" బావ సీట్లోంచే అరిచాడు.

మా అక్క బురదలోకి దిగింది. పెళ్ళయినప్పటినుంచీ మొగుడి మాటకు ఎదురు చెప్పని మనిషి, "మీ బండి మీరే ఉంచుకోండి. నా పిల్లను నేను తీసుకుపోతాను" అంది. చెప్పులు బురదలో ఇరుక్కుంటే వదిలేసి రాజలింగు వెనక పరిగెత్తింది. నేనూ పరిగెత్తాను. వెనక ఇంజను మోత ఇంకా వినపడుతూనే ఉంది. నాకు బావ మీద ఎంత కోపం వచ్చిందంటే, ఎదురుగా ఉంటే కొట్టేవాణ్ణి.

దారికడ్డంగా ఉన్న గుట్టను రాజలింగు ఎక్కిన తీరు నేను చచ్చేదాకా మర్చిపోను. పిల్ల తల కదలకుండా ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో ముళ్ళకంపలు తోసుకుంటూ, అలుపు లేకుండా పోయాడు. నాకు ఊపిరి అందక రెండుసార్లు కూలబడ్డాను. బస్తీ సందుల్లోంచి తార్నాక రోడ్డెక్కి నర్సింగ్‌హోం మెట్లెక్కేసరికి జెస్సికా పలకడం మానేసింది. పెదాలు నీలంగా ఉన్నాయి.

అక్కడి డాక్టరమ్మ పెద్దావిడ. బందు కాబట్టి ఇంటినుంచి నడిచొచ్చిందట. ఉన్న మందంతా నరంలోకి ఎక్కించింది. కానీ పిల్లకు ఊపిరి తీసే శక్తే పోయింది. ముక్కుకూ నోటికీ కలిపి ఒక తొడుగు పెట్టి, దానికున్న రబ్బరు బుడగను నా చేతికిచ్చి, ఎట్లా పిసకాలో నేర్పింది. నేను పిసికినప్పుడల్లా పిల్ల ఛాతీ లేచేది. ఆపితే లేచేది కాదు.

"కాస్త ముందొస్తే బాగుండేదమ్మా" అంది డాక్టరమ్మ మా అక్కతో. "మందు చాలదు. పెద్దాసుపత్రిలో ఊపిరాడించే మిషను మీద పెట్టాలి. దారిపొడుగునా ఇట్లా పిసుకుతూనే తీసుకెళ్ళాలి. మెయిన్ రోడ్డు పోలీసులు ఖాళీ చేయించారట. బండి ఉందా?"

నర్సింగ్‌హోంకు బండి లేదు. డాక్టరమ్మ స్కూటరు వాళ్ళింట్లో ఉంది. ఉన్నా దాని మీద పిల్లను పడుకోబెట్టి బుడగ ఎట్లా పిసుకుతాం? రోడ్డు మీద ఆటో అన్నది లేదు.

మా అక్క కళ్ళు తుడుచుకుంది. "బండి ఉందండీ. మా ఆయన తెస్తారు. ఆయనకు బండే ప్రాణం. ఎట్లాగోట్లా బురదలోంచి తీసి తెస్తారు" అంది. నాకు కూడా అప్పుడే ఆశ పుట్టింది. పొద్దుట్నుంచి తిట్టుకున్న ఆ మొండితనం మీదే మా ప్రాణాలన్నీ పెట్టుకున్నాం. ముగ్గురం కిటికీ వైపే చూస్తున్నాం.

కాసేపటికి గేటు చప్పుడైంది. బావ వచ్చాడు. నడిచి వచ్చాడు.

మోకాళ్ళ దగ్గర ప్యాంటు చిరిగి నెత్తురు కారుతోంది. ఎన్నిసార్లు పడ్డాడో. గోడ పట్టుకుని గదిలోకి వచ్చి, మా అక్కతో, "వదిలేసి వచ్చేశాను రాహేలూ. బండి అక్కడే వదిలేశాను. నీ వెనకే నడిచి వచ్చేశాను" అన్నాడు.

పెళ్ళాం కోసం, పిల్ల కోసం, జీవితంలో మొదటిసారి బండి దిగి వచ్చిన మనిషి. మా అక్క ఆయన మొహం వైపే చూస్తూ గోడకానుకుని కిందికి జారిపోయింది. ఏమైందో ఆయనకు అర్థం కాలేదు. డాక్టరమ్మ చెప్పింది. అప్పుడు బావ మొహం చూడలేక నేను బుడగ వైపు తల తిప్పుకున్నాను.

వెంటనే వెనక్కి తిరిగి గుమ్మం దాటబోయాడు. మోకాళ్ళు మడతపడి అక్కడే పడిపోయాడు. లేచి మళ్ళీ పడ్డాడు. "నువ్వెళ్ళి తేరా రాజలింగూ" అన్నాడు పిచ్చివాడిలా.

"నాకు నడపరాదు కదన్నా" అన్నాడు రాజలింగు. వెళ్ళి బావ ముందు కూర్చుని వీపు చూపించాడు. "ఎక్కు."

"నన్ను మొయ్యలేవురా. ఇంతదాకా పిల్లను మోసుకొచ్చావు."

"దెబ్బతగిలినోళ్ళను కొండల మీదికెళ్ళి మోసిన. నువ్వెంత? ఎక్కు జల్ది!"

బావ అతని మెడ పట్టుకున్నాడు. నడవగలిగినవాడు నడపగలిగినవాణ్ణి వీపున వేసుకుని, వచ్చిన దారినే మళ్ళీ పరిగెత్తాడు. కిటికీలోంచి వాళ్ళు మలుపు తిరిగేదాకా చూశాను. ఆ తర్వాత నాకు తెలిసిందల్లా నా చేతిలోని బుడగ. చేతులు తిమ్మిరెక్కితే నర్సు అందుకునేది, మళ్ళీ నేను తీసుకునేవాణ్ణి. మా అక్క పిల్ల పాదాలు ఒళ్ళో పెట్టుకుని రుద్దుతూ, కీర్తనలో ఒకే చరణం పదే పదే పాడుతూ కూర్చుంది.

వ్యాను వచ్చింది. బస్తీ జనాన్ని పిలిచి, ఎత్తించి, బురదలోంచి తెచ్చారు. బావ సీటు దిగకుండానే, "ఎక్కించండి, ఎక్కించండి!" అని అరిచాడు. పిల్లనూ నర్సునూ అక్కనూ ఎక్కించి, నేను బుడగ వదలకుండా ఎక్కాను. రాజలింగు చివర ఎక్కి తలుపు వేశాడు. ఇక బావ ఎట్లా నడిపాడో చెప్పడం నా వల్ల కాదు. రోడ్డు మీద రాళ్ళు, గాజుపెంకులు, ఎక్కడ చూసినా కాలిన టైర్లు. అయినా పిల్ల తల ఒక్కసారి కూడా అదరలేదు.

సగం దారిలో నర్సు పిల్ల మెడ మీద వేళ్ళు పెట్టి చూసింది. ఇంకోవైపు పెట్టి చూసింది. ఛాతీకి చెవి ఆనించింది. ఆ తర్వాత నా వైపు చూసి తల అడ్డంగా ఊపింది. మా అక్క చూసింది. చీర కొంగు నోట్లో కుక్కుకుంది.

నేను పిసకడం ఆపలేదు.

"బామ్మర్దీ, ఊపిరి ఆడుతుందా?" ముందునుంచి బావ అరిచాడు.

నా చేతుల కింద ఛాతీ లేస్తోంది, పడుతోంది.

"ఆడుతుంది బావా. పోనీ" అన్నాను.

మళ్ళీ అడిగాడు. మళ్ళీ అదే చెప్పాను. రాజలింగు తలుపుకు మొహం ఆనించి ఏడుస్తున్నాడు, చప్పుడు రాకుండా.

పెద్దాసుపత్రి వాకిట్లో వ్యాను ఆపి, బావ దిగి, బండి పట్టుకుని చుట్టూ నడిచొచ్చి వెనక తలుపు తెరిచాడు. మా మొహాలు చూశాడు. పిల్లను చూశాడు. లోపల్నుంచి పరిగెత్తుకొచ్చిన కుర్ర డాక్టరు నాడి పట్టుకుని, నా చేతిలోంచి బుడగ మెల్లగా తీసేసుకున్నాడు.

"ఎక్కడ?" అని అడిగాడు బావ.

"సగం దారిలో" అన్నాను.

ఆయన పిల్ల నుదుటి మీద చెయ్యి పెట్టాడు. నన్ను తిట్టినా బాగుండేది. అక్కడ జరగాల్సినవన్నీ జరిగి పిల్లను మాకిచ్చేసరికి పొద్దు వాలింది. నేను వ్యాను తలుపు తెరిచాను. మా అక్క ఎక్కలేదు. "నేను అది ఎక్కను" అంది. గొంతులో కోపం కూడా లేదు. బావ ఆమెను బతిమాలలేదు. వ్యాను అక్కడే వదిలేసి, రాజలింగు చేతుల్లోంచి జెస్సికాను తీసుకున్నాడు.

"నీ కాళ్ళు ఆగవన్నా. నాకియ్యి" అన్నాడు రాజలింగు.

బావ ఇవ్వకుండానే ఇంటివైపు నడక మొదలుపెట్టాడు. బందు వల్ల రోడ్లన్నీ ఖాళీగా ఉన్నాయి. నాలుగడుగులు వేసేవాడు, మోకాళ్ళు ఆగక ఏదో ఒక గట్టు మీదో, మూసిన దుకాణం మెట్ల మీదో కూలబడేవాడు. మేమూ ఆగేవాళ్ళం. కాసేపటికి మా అక్క ఆయన చెయ్యి పట్టి లేపేది. మళ్ళీ నడిచేవాడు. తార్నాక వచ్చేదాకా మేం ఆగినచోటల్లా రాజలింగు చేతులు చాపుతూనే ఉన్నాడు. నేనూ అడిగాను. పిల్లను మాత్రం ఆయన ఎవరికీ ఇవ్వలేదు.